ఇంటివాడు కానివాడికి ఇల్లు

తెలుగులో పెళ్ళి చేసుకున్న మగవాణ్ణి ‘ఓ ఇంటివాడయ్యాడు’ అంటారు. ఇల్లు అద్దెకిచ్చిన యజమానులను కూడా ‘ఇంటివాళ్ళు’ అనే అంటారు. ఆలిని ఇల్లాలనీ, వంశాన్ని తెలిపే నామాన్ని ఇంటిపేరనీ వ్యవహరించడం ఈ భాషలో పరిపాటి. భార్యకూ, భర్తకూ, వంశానికీ, ఆస్తికీ చోటిచ్చిన ఈ రెండక్షరాల మాటలో, పెళ్ళి కాని, సొంత కొంప లేని, కొత్తగా ఊరికి వచ్చిన ఒంటరి మనిషికి మాత్రం చోటు దొరకలేదు. మాటలో దొరకని ఆ చోటు వీధిలోనూ దొరకదన్న సంగతి, మొదటి ఉద్యోగపు ఉత్తరువు చేతబుచ్చుకొని హైదరాబాదులో బస్సు దిగిన యువతీయువకులకు వారం తిరగకముందే తెలిసివస్తున్నది.

అమలాపురం నుంచి వచ్చినా, అచ్చంపేట నుంచి వచ్చినా ఈ కథ ఒక్కటే. బంధువుల ఇంట నాలుగు రోజులు తలదాచుకున్న అమ్మాయి, ఒక గదీ చిన్న వంటిల్లూ ఉన్న వాటా కోసం ఆదివారం ఉదయం బయలుదేరుతుంది. గేటుకు వేలాడుతున్న ‘టు-లెట్’ బోర్డు చూసి తలుపు తడుతుంది. ఇంటావిడ ఆదరంగానే పలకరిస్తుంది.

‘‘ఎవరెవరుంటారమ్మా?’’

‘‘నేనొక్కదాన్నేనండీ.’’

‘‘ఒక్కదానివేనా? మేం ఫ్యామిలీలకే ఇస్తామమ్మా. ఏమీ అనుకోకు.’’

ఏమీ అనుకోకుండానే ఆమె మరో వీధికి మళ్ళుతుంది. అక్కడ తలుపు కొంచెం ఎక్కువగా తెరుచుకుంటుంది. ప్రశ్నలు కూడా ఎక్కువే. నాన్నగారేం చేస్తారు? పెళ్ళెప్పుడు? రాత్రి ఎన్నింటికి వస్తావు? స్నేహితులు వస్తూ పోతూ ఉంటారా? నీసు వండుతారా? చిట్టచివరకు, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా, ‘‘మీ ఇంటిపేరేమన్నావమ్మా?’’ అబ్బాయికైతే ఇన్ని ప్రశ్నలు కూడా ఉండవు. ‘‘బ్యాచిలర్లకు ఇవ్వం బాబూ’’ అన్న ఒక్క వాక్యంతో సరి. బజారులో ఏ వస్తువు కొనబోయినా ధర తెలుసుకోవలసినవాడు కొనేవాడు. ఇక్కడ మాత్రం కొనవచ్చినవారి చరిత్రను అమ్మేవారు విచారిస్తున్నారు.

ఇంటికోసం ఊరంతా తిరగడం తెలుగువారికి కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు, సర్కారు కచేరీలకే కట్టడాలు చాలక గుడారాలు వేయవలసి వచ్చింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాజధాని కావడంతో ఆ ఉద్యోగులు మళ్ళీ మూటాముల్లె సర్దుకున్నారు. కాని ఆనాడు వాటా వెతికినవాడు చాలావరకు సంసారి. ఒంటరివాడు లాడ్జి గదిలో పడుకొని మెస్సులో భోంచేసేవాడు. ఒంటరి స్త్రీ తనంతట తాను ఇల్లు వెతుక్కోవడం బహు అరుదు. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత పరిస్థితి వేగంగా మారింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులేకాక ఆసుపత్రి నర్సులు, దుకాణాల్లో పనిచేసే పిల్లలు, అశోక్‌నగర్ ప్రాంతంలో ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదివేవారు, అందరూ తల్లిదండ్రుల నీడ వదిలి ఒంటరిగానే నగరానికి చేరుతున్నారు. ఇరవై రెండేళ్ళ ఆడపిల్ల తన సంపాదనతో అద్దె చెల్లించగల కాలం వచ్చింది. ఆమె కిచ్చే తాళపుచెవి మాత్రం ఇంకా రాలేదు.

అయితే తప్పంతా ఇంటివాళ్ళ మీదికి నెట్టివేయడం న్యాయం కాదు. ఇల్లు అద్దెకిచ్చేవారందరూ కుబేరులు కారు. ప్రావిడెంటు ఫండు సొమ్ముతో పై అంతస్తు లేపుకొని, ఆ అద్దెతో మందులు కొనుక్కునే వృద్ధదంపతులు ఎందరో ఉన్నారు. భర్త పోయిన తర్వాత వెనుక వాటా అద్దెయే జీవనాధారమైన ఇల్లాళ్ళున్నారు. కిరాయిదారు నెలల తరబడి సొమ్మివ్వక భీష్మించి కూర్చుంటే కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక వారికెక్కడిది? అద్దెదారును అకారణంగా వెళ్ళగొట్టకుండా కాపాడేందుకు 1960లో ఆంధ్రప్రదేశ్‌లో భవనాల అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. పేర్కొన్న కారణాలలో ఏదో ఒకటి రుజువైతే తప్ప ఖాళీ చేయించరాదన్నది దాని సారాంశం. ఉద్దేశం ఉదాత్తమైనదే; కాని వ్యాజ్యాలు ఏళ్ళకేళ్ళు సాగినచోట, ఆ రక్షణే గృహయజమాని గుండెల్లో గుబులుగా మారింది. ఒకసారి ఇచ్చిన ఇల్లు తిరిగి రాదేమోనన్న ఆ భయం తండ్రినుంచి కొడుక్కి ఆస్తితోపాటే సంక్రమించింది.

భయం నిజమే, కాని దానికి విరుగుడుగా ఎంచుకున్న ‘ఫ్యామిలీ’ అన్న మాట ఎంతవరకు పనిచేస్తుంది? సంసారులు అద్దె ఎగ్గొట్టరా? సంసారుల ఇళ్ళలో అర్ధరాత్రి కేకలు వినబడవా? ఆలోచించి చూస్తే యజమాని కోరుతున్నది కుటుంబాన్ని కాదు, జామీనును. పల్లెలో ఫలానావారి మనుమడంటే ఆ ఒక్క మాటే పూచీ. నగరంలో ఆ తాతను ఎరిగినవాడు లేడు. అందువల్ల భార్య ఉంటే ఆమె కోసమైనా బుద్ధిగా ఉంటాడనీ, పెద్దలు వెంట ఉంటే సిగ్గుపడతాడనీ ఒక లెక్క. మనిషి నడవడికి మరో మనిషిని తాకట్టు పెట్టడమే ఈ పద్ధతి. ఈ దృష్టిలో ఒంటరివాడు చేసిన నేరమేదీ లేదు. అతనికోసం సిగ్గుపడేవారు ఆ ఇంట్లో మరొకరు లేకపోవడమే అతని లోపం.

జామీనే కావాలంటే దానికి వేరే మార్గాలున్నాయి. పనిచేసేచోటినుంచి ధ్రువపత్రం అడగవచ్చు, ముందు ఉన్న ఇంటివాళ్ళను విచారించవచ్చు, అడ్వాన్సు పుచ్చుకోవచ్చు, షరతులన్నీ కాగితం మీద పెట్టవచ్చు. అద్దె ఎన్నో తేదీకి చెల్లించాలి, నీళ్ళ మోటారు ఖర్చు ఎవరిది, ఖాళీ చేయడానికి ఎన్నాళ్ళు ముందు చెప్పాలి అన్నవి న్యాయమైన ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పడం కిరాయిదారు విధి. కాని పెళ్ళెప్పుడన్న దానికీ అద్దెకూ సంబంధం లేదు. పొయ్యిమీద ఏం ఉడుకుతున్నదన్న దానికీ గోడల క్షేమానికీ సంబంధం లేదు.

ఇక ఇంటిపేరు సంగతి. ఇల్లు అడగవచ్చినవారిని ఇంటిపేరు అడగడంలో ఆంతర్యం అందరికీ తెలుసు. ‘నీ కులమేమిటి’ అని అడగడానికి నాగరికత అడ్డువస్తే, ఆ పనిని ఇంటిపేరుకు అప్పగిస్తున్నారు. జవాబు నచ్చకపోతే కాదని ఎవరూ అనరు. ‘‘ఇప్పుడే ఇంకొకరికి మాటిచ్చామమ్మా’’ అంటారు. మర్నాడు ఆ వీధినే పోతుంటే బోర్డు అక్కడే వేలాడుతూ ఉంటుంది. మతం వేరైనవారికి ఇంటిపేరుదాకా వెళ్ళవలసిన అవసరమే లేదు; సొంతపేరు దగ్గరనే తలుపు మూసుకుంటుంది. రాజ్యాంగం పదిహేడవ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. పదిహేనవ అధికరణం దుకాణాలలో, హోటళ్ళలో, వినోదస్థలాలలో, బావులూ చెరువుల దగ్గర కులమతాల పేర ఎవరినీ ఆపరాదని పేరుపేరునా చెప్పింది. అద్దె ఇల్లు మాత్రం ఆ వరుసలో పేరు పెట్టి చెప్పబడలేదు. బావి దగ్గర ఓడిన దురాచారం వాటా గుమ్మంలో కాపురం పెట్టింది. చట్టం పేరుపెట్టి చెప్పనంత మాత్రాన మనస్సాక్షికి మినహాయింపు దొరికినట్లు కాదు.

కాగితం సంగతీ కొంత చెప్పుకోవాలి. ఏడాదికి మించిన అద్దె పత్రాన్ని రిజిస్టరు చేయించాలన్న 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టపు నియమాన్ని పురస్కరించుకొని, పదకొండు నెలలకే ఒప్పందం రాసుకునే ఆచారం దేశమంతటా పాతుకుపోయింది. అడ్వాన్సు విషయంలో ఊరికొక పద్ధతి. బెంగుళూరులో పది నెలల అద్దె ముందుగా అడగడం చిరకాలపు వాడుక. మొదటి జీతమింకా అందని పిల్లవాడు పది నెలల సొమ్ము ఎక్కడినుంచి తేగలడు? ఊళ్ళో తండ్రి వడ్డీకి తెచ్చి పంపవలసిందే. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసగృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదన్నది. అద్దెకిచ్చిన ఇంట్లో యజమాని అడుగుపెట్టాలంటే 24 గంటల ముందు తెలియజేయాలన్నది. తగవు వచ్చినప్పుడు నీళ్ళూ కరెంటూ ఆపరాదన్నది. గడువు తీరినా ఖాళీ చేయని కిరాయిదారు మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు చెల్లించాలని యజమానికీ ధైర్యం చెప్పింది. ఇది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ శాసనంగా చేసుకుంటేనే దానికి ప్రాణం. అయినా ఇరువురి భయాలనూ ఒకే కాగితంలో తీర్చవచ్చునన్న తత్త్వం అందులో ఉన్నది.

ఇల్లు దొరకనివారందరూ చివరకు చేరేది హాస్టలుకు. అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్కొక్క గదికి మూడు నాలుగు మంచాలు వేసి, మంచానికింత అని పుచ్చుకునే హాస్టళ్ళు వీధివీధినా ఉన్నాయి. అవి లేకపోతే వేలాదిమంది గతేమిటన్న మాట నిజమే. ఉద్యోగినుల వసతిగృహాలకు 1972-73 నుంచి కేంద్రప్రభుత్వం సాయం చేస్తున్నది. అట్టివి ఇంకా పెరగవలసి ఉన్నది. కాని హాస్టలు మజిలీయే గాని ఇల్లు కాదు. అక్కడ ఆకలి కూడా గంట కొట్టినప్పుడే వేయాలి. జ్వరం వస్తే కాస్త జావ కాచుకునే పొయ్యి ఉండదు. ఊరినుంచి తల్లి వస్తే ఒక పూట కూర్చోబెట్టే చాపంత జాగా ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, అద్దె ఒప్పందం లేకపోతే చిరునామా నిరూపించుకోవడం కష్టం. గ్యాసు కనెక్షనుకూ, బ్యాంకుకూ, ఓటర్ల జాబితాకూ మొదట అడిగేది చిరునామాయే. ఏళ్ళ తరబడి నగరంలో పనిచేసి, పన్నులు కట్టి, కాగితాలమీద మాత్రం పల్లెటూరి మనిషిగానే మిగిలిపోయేవారు కోకొల్లలు. గుమ్మంలో అన్న ఒక్క ‘ఇవ్వం’ ఇంత దూరం పోతుంది.

ఒంటరిగా అద్దె కుండేవారికీ ధర్మాలు లేకపోలేదు. చెప్పిన తేదీకి అద్దె ఇవ్వడం, కింద వృద్ధులు నిద్రపోయే వేళ పైన బల్లలు ఈడ్వకపోవడం, నల్లా కట్టివేయడం, వెళ్ళేటప్పుడు గోడలను వచ్చినప్పటిలా అప్పగించడం, వీటిలో ఏ ఒక్కటి తప్పినా తర్వాత వచ్చే పదిమంది ఒంటరివాళ్ళకు ఆ తలుపు మూసుకుపోతుంది. ఒక సంసారి చెడ్డవాడైతే ఆ ఒక్క సంసారికే చెడ్డపేరు. ఒక బ్రహ్మచారి చెడ్డవాడైతే బ్రహ్మచారులందరికీ చెడ్డపేరు. ఇది అన్యాయమే. కాని ఆ అన్యాయం తొలగేదాకా జాగ్రత్త పడవలసిన భారం పిల్లలమీదనే ఉన్నది.

ఇంటివాళ్ళు ఒక్క విషయం తలపోయవలె. ఈనాడు ఈ గుమ్మంలో ‘ఒక్కదానివేనా’ అని అడుగుతున్న ఇంటావిడ కూతురు, సరిగ్గా ఆ వేళకే పుణేలోనో బెంగుళూరులోనో దేశం కాని దేశంలోనో మరొక గుమ్మం ముందు నిలబడి ఉండవచ్చు. అక్కడి ఇంటావిడ ఎలాంటి జవాబు చెప్పాలని ఈ తల్లి కోరుకుంటుందో, అదే జవాబు ఇక్కడ చెప్పగలిగితే చాలు.

తెలుగువారు అద్దె ఇంట్లో చేరినా మొదట పాలు పొంగిస్తారు. చివరకు ఏ దయగల ఇంట్లోనో వాటా దొరికిన అమ్మాయి, తెల్లవారుజామున కొత్త గిన్నెలో పాలపొట్లం పోసి పొయ్యి వెలిగిస్తుంది. పక్కన పురోహితుడు లేడు, పేరంటాలు లేరు. ఫోనులో తల్లి మాత్రం ‘‘పొంగాయా అమ్మా’’ అని అడుగుతూ ఉంటుంది. పాలు పొంగుతాయి. ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్కచూసుకొని అవి పొంగవు. తన కష్టార్జితంతో అద్దె చెల్లించి, తన చేతితో దీపం వెలిగించుకొని, ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా బతికే ఆ పిల్లను కూడా ‘ఓ ఇంటిదయింది’ అని నిండుమనసుతో అనగలిగిన నాడు, ఇల్లన్న మాటకు ఉన్న అర్థాలలో లోటు తీరుతుంది.