ప్రవక్త పుట్టినరోజుకు డీజేలా?

మిలాదున్నబీ అంటే నాకు ఇష్టం. పాతబస్తీ గల్లీల్లో పచ్చ దీపాల తోరణాలు కడతారు. ఏ మతమని అడక్కుండా దారినపోయేవాళ్లను పిలిచి షర్బత్ ఇస్తారు. ప్రవక్త ముహమ్మద్‌ను కీర్తిస్తూ కుర్రాళ్లు నాత్‌లు పాడతారు. ఈ వారం ఒళ్లు మండించింది ఆ నాత్‌ల కింద కలిపిన డీజే దరువు. మనిషెత్తు స్పీకర్లతో లారీ మా సందు మలుపు తిరిగేసరికి కిటికీ అద్దాలు గడగడలాడాయి.

ప్రవక్త స్వరం కంటే మీ స్వరం పెంచకండని విశ్వాసులకు చెప్పింది ఖురాన్ 49వ అధ్యాయం. ఆయన ఎదుట గొంతెత్తడమే తప్పయినప్పుడు, ఆయన పేరున ఊరి చెవులు చిల్లులు పొడవడం భక్తి ఎలా అవుతుంది? వినాయకుడి లారీలకూ నాది ఇదే మాట. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాద్ పోలీసులు 2024లోనే నిషేధించారు. నిషేధం కాగితం మీద, మోత మన చెవుల మీద!

2023లో మిలాద్, నిమజ్జనం రెండూ సెప్టెంబరు 28నే వచ్చిపడితే, ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. ప్రవక్తను గౌరవించడమంటే అదీ.

ఆయన పుట్టకముందే తండ్రిని, ఆరేళ్లకు తల్లిని పోగొట్టుకున్నారు. కూలికి మక్కావాళ్ల గొర్రెలు కాశారు. మదీనాను ఏలుతూ కూడా తెగిన చెప్పులు తానే కుట్టుకునేవారని హదీసులు చెబుతాయి. 632లో కన్నుమూసేనాటికి ఆయన యుద్ధకవచం ఒక యూదుడి దగ్గర తాకట్టులో ఉంది. ఇంట్లోకి తెచ్చుకున్న బార్లీ గింజల కోసం!

పనివాడి చెమట ఆరకముందే కూలి ఇమ్మన్నారు కూడా. ఆ మాట పుట్టిన గల్ఫ్ గడ్డ నుంచే కదా, కరోనా కాలంలో మన జగిత్యాల, నిజామాబాద్ బిడ్డలు ఎందరో జీతం బకాయిలు వదులుకుని ఉత్తచేతులతో తిరిగొచ్చింది! అక్కడిదాకా ఎందుకు? ఇక్కడ పండగ కాగానే లైట్లు కట్టినవాడు, షామియానా వేసినవాడు డబ్బుల కోసం కమిటీ చుట్టూ తిరగాల్సిందే. మిలాదైనా, చవితైనా, శ్రీరామనవమైనా ఇదే వరస. డీజేవాడికి మాత్రం ముందే అడ్వాన్సు!

కమిటీ పెద్దలూ, వచ్చే ఏడాది ఆ అడ్వాన్సు మానేయండి. ఈ ఏటి కూలి బాకీలు ఈ శుక్రవారం నమాజుకు వెళ్లేలోపు తీర్చేయండి.