సభ్యత్వం కొనగలం, హక్కును కొనగలమా?

మన కుటుంబాలకు వలస కొత్త కాదు. హైదరాబాదు పాతబస్తీ నుంచీ, నిజామాబాదు, కరీంనగర్, కడప ప్రాంతాల నుంచీ గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు రెండు తరాలుగా ఉన్నారు. ఇకామా అంటే ఏమిటో, కఫీల్ అంటే ఎవరో మన ఇళ్లలో పిల్లలకు సైతం తెలుసు. యజమాని దయ మీద, ఏటేటా పొడిగించే కాగితం మీద ఆధారపడిన జీవితం ఎంత అస్థిరమైనదో అనుభవించిన సమాజం మనది. అందుచేతనే ఇప్పుడు వినవస్తున్న ఒక మాట చాలామందిని ఆకర్షిస్తున్నది. యజమాని అక్కరలేదు, ఉద్యోగం అక్కరలేదు, ఒకసారి సొమ్ము చెల్లించి సభ్యులుగా చేరితే చాలు, ఐదేళ్లో పదేళ్లో ఇరవై ఏళ్లో ఒక దేశంలో నిశ్చింతగా ఉండవచ్చు అన్నదే ఆ మాట.

ఈ మాట పూర్తిగా అబద్ధం కాదు. అలాంటి పథకాలు ఉన్నాయి, చట్టబద్ధంగానే నడుస్తున్నాయి. అయితే ఆ సొమ్ముకు దక్కేదేమిటి, దక్కనిదేమిటి అన్న విచారణ లేకుండా ఇల్లు అమ్మి, నగలు అమ్మి ముందుకు దూకే కుటుంబం చివరకు నష్టపోతుంది. దేశంలో పత్రాల గురించిన ఆందోళన పెరిగిన ఈ రోజులలో ఈ విచారణ మరింత అవసరం.

థాయిలాండ్ నమూనా

సభ్యత్వం పేరిట దీర్ఘకాలిక వీసా ఇచ్చే పథకాలలో ప్రసిద్ధమైనది థాయిలాండ్‌ది. 2003లో థక్సిన్ షినవత్ర ప్రభుత్వం ‘థాయిలాండ్ ఎలీట్’ పేరుతో దానిని ప్రారంభించింది. ఆ దేశపు పర్యాటక ప్రాధికార సంస్థకు చెందిన థాయిలాండ్ ప్రివిలేజ్ కార్డ్ కంపెనీ దీనిని నిర్వహిస్తున్నది. 2023 అక్టోబరులో ‘థాయిలాండ్ ప్రివిలేజ్’గా పేరు మార్చి, రుసుములను పెంచి, కొత్త శ్రేణులను ప్రకటించారు. ఆ ప్రకటన ప్రకారం గోల్డ్ సభ్యత్వం ఐదేళ్లకు 9 లక్షల బాట్లు, ప్లాటినం పదేళ్లకు 15 లక్షల బాట్లు, డైమండ్ పదిహేనేళ్లకు 25 లక్షల బాట్లు, రిజర్వ్ ఇరవై ఏళ్లకు 50 లక్షల బాట్లు. రిజర్వ్ శ్రేణి ఆహ్వానం మీద మాత్రమే లభిస్తుంది. ఆ తర్వాత ఐదేళ్ల కాలానికి 6 లక్షల 50 వేల బాట్లతో బ్రాంజ్ అనే శ్రేణిని కూడా చేర్చారు.

సభ్యులకు లభించే వీసాపై ఎన్నిసార్లయినా రాకపోకలు సాగించవచ్చు. దేశంలో అడుగుపెట్టిన ప్రతిసారీ ఒక సంవత్సరం ఉండే అనుమతి లభిస్తుంది. విమానాశ్రయంలో ప్రత్యేక స్వాగతం, వలస కార్యాలయపు పనులలో సహాయం, శ్రేణిని బట్టి ఏటా కొన్ని పాయింట్లు, వాటితో గోల్ఫ్, స్పా, వైద్య పరీక్షల వంటి సదుపాయాలు ఉంటాయి. ముందు దరఖాస్తు, తర్వాత నేర చరిత్ర పరిశీలన, ఆమోదం వచ్చిన పిదప రుసుము చెల్లింపు, అటుపై వీసా ముద్ర. ఇదీ క్రమం.

న్యాయంగా చెప్పాలంటే ఈ ఏర్పాటు కొందరికి తగినదే. పింఛను గాని, అద్దెల రాబడి గాని ఉండి, సంవత్సరంలో కొన్ని నెలలు అక్కడ గడపదలచిన వారికీ, ఆగ్నేయాసియాలో వ్యాపార సంబంధాలు ఉండి తరచుగా రాకపోకలు సాగించే వారికీ ఇది వీసా చికాకులను తగ్గిస్తుంది. మిగులు సొమ్ముతో సౌకర్యం కొనుక్కునే వారిని తప్పుపట్టవలసిన పని లేదు. సౌకర్యాన్ని భద్రతగా పొరబడే వారి విషయమే మనకు ముఖ్యం.

ఆ సొమ్ముకు దక్కనివి

మొదటిది, పని చేసుకునే హక్కు. ఈ వీసా మీద ఉద్యోగం చేయడానికి వీలు లేదు. పని చేయాలంటే వేరే అనుమతిపత్రం కావాలి. గల్ఫ్‌లో కఫీల్ వ్యవస్థ ఎంత కఠినమైనదైనా అక్కడ జీతమంటూ ఒకటి ఉండేది. ఇక్కడ రుసుము చెల్లించినవాడు తన సొమ్మునే ఖర్చు పెడుతూ బ్రతకాలి.

రెండవది, భూమి. థాయ్ భూ చట్టం ప్రకారం విదేశీయులు సాధారణంగా భూమిని కొనలేరు. కాండొమినియం భవనాలలో మాత్రం మొత్తం విస్తీర్ణంలో 49 శాతానికి మించకుండా విదేశీయుల యాజమాన్యానికి అవకాశం ఉంది. సభ్యత్వం ఈ నియమాన్ని మార్చదు.

మూడవది, స్థిరనివాసం, పౌరసత్వం. ఇది పర్యాటక తరగతికి చెందిన వీసా. దీని మీద గడిపిన ఏళ్లు శాశ్వత నివాసపు అర్హతకు లెక్కలోకి రావు. ఇరవై ఏళ్లు ఉన్నా ఇరవై ఒకటవ ఏట సభ్యుడు మళ్లీ కొత్త దరఖాస్తుదారుడే. తాత్కాలిక అనుమతిపై ఉన్న విదేశీ దంపతులకు అక్కడ పుట్టిన బిడ్డకు థాయ్ పౌరసత్వం రాదు.

నాలుగవది, నిఘా నుంచి మినహాయింపు. 1979 నాటి వలస చట్టం ప్రకారం 90 రోజులకు మించి ఉన్న విదేశీయుడు 90 రోజులకొకసారి తన చిరునామాను అధికారులకు తెలియజేయాలి. విదేశీయుడికి బస ఇచ్చిన ఇంటి యజమాని 24 గంటలలోగా ఆ సంగతి తెలపాలి. సభ్యులకు ఈ పనిలో కంపెనీ సహాయం చేస్తుందే తప్ప బాధ్యత తొలగిపోదు.

ఇక ఆరోగ్య బీమా ఇందులో భాగం కాదు. పిల్లల చదువు భాగం కాదు. మన కుటుంబాలకు భారంగా ఉండే ఖర్చులు రెండూ రుసుముకు వెలుపలే ఉన్నాయన్నమాట.

లెక్క చూద్దాం

గోల్డ్ రుసుమును ఐదేళ్లకు పంచితే నెలకు 15 వేల బాట్లు, అంటే దాదాపు 40 వేల రూపాయలు. ఇంటి అద్దె, తిండి, ఫీజులు, మందులు దీనికి అదనం. ప్లాటినం శ్రేణిలో కుటుంబ సభ్యులను చేర్చాలంటే ఒక్కొక్కరికి 10 లక్షల బాట్లు చెల్లించాలి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిసి చేరితే మొత్తం 45 లక్షల బాట్లు. మన లెక్కలో సుమారు కోటీ ఇరవై లక్షల రూపాయలు. పదేళ్ల తర్వాత ఆ సొమ్ముకు మిగిలే ఆస్తి ఏదీ ఉండదు.

మలేసియా పథకంతో పోల్చితే తేడా స్పష్టమవుతుంది. 2002 నుంచి నడుస్తున్న ‘మలేసియా మై సెకండ్ హోమ్’ను 2024లో సవరించారు. దానిలో సిల్వర్ శ్రేణికి లక్షా 50 వేల అమెరికన్ డాలర్లు బ్యాంకులో డిపాజిట్ చేయాలి, కనీసం 6 లక్షల రింగిట్ల విలువైన ఇల్లు కొనాలి. మొత్తం పెద్దదే. అయితే డిపాజిట్, ఇల్లు కుటుంబపు ఆస్తులుగానే ఉంటాయి. థాయ్ రుసుము చెల్లించిన నాటితో చేయి దాటిన సొమ్ము. వడ్డీ విషయంలో పట్టింపు ఉన్నవారు డిపాజిట్ షరతులను ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

థాయిలాండ్‌లోనే తక్కువ ఖర్చు మార్గాలు ఉన్నాయన్న సంగతి కూడా మరుగున పడరాదు. 50 ఏళ్లు దాటినవారు 8 లక్షల బాట్లు బ్యాంకులో చూపి, లేదా నెలకు 65 వేల బాట్ల ఆదాయం చూపి, ఏటేటా పొడిగించుకునే విశ్రాంత వీసా పొందవచ్చు. ఆ సొమ్ము ఖాతాదారుడిదే. దూరం నుంచి పనిచేసే వృత్తినిపుణుల కోసం 2024 జూలైలో ఐదేళ్ల డీటీవీ వీసా వచ్చింది. దానికి 5 లక్షల బాట్ల నిధి చూపాలి, రుసుము 10 వేల బాట్ల స్థాయిలో ఉంది, ఒక్కో ప్రవేశానికి 180 రోజుల బస.

పన్నుల సంగతీ ఉంది. రిజర్వ్ బ్యాంకు ఉదారీకృత చెల్లింపుల పథకం కింద ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు. చదువు, వైద్యం కాని అవసరాలకు 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై 20 శాతం పన్నును బ్యాంకు ముందే వసూలు చేస్తుంది. రిటర్ను దాఖలు చేసి దానిని సర్దుబాటు చేసుకోవచ్చు గాని, అప్పటిదాకా ఆ సొమ్ము చేతిలో ఉండదు. అటువైపు ఒక క్యాలెండరు సంవత్సరంలో 180 రోజులు గడిపితే థాయ్ పన్ను నివాసి అవుతారు. 2024 నుంచి సంపాదించిన విదేశీ ఆదాయాన్ని అక్కడికి తెచ్చుకుంటే పన్ను వర్తిస్తుంది.

అతిథికి ఒక ద్వారం, శరణార్థికి మరొకటి

హక్కుల కోణం నుంచి చూసినప్పుడు ఈ పథకపు అసలు స్వభావం తెలుస్తుంది. థాయిలాండ్ 1951 శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు. (మన దేశమూ చేయలేదు.) 2014లో అక్కడికి పారిపోయి వచ్చిన ఉయ్ఘర్ ముస్లింలలో అనేకులు పదేళ్లకు పైగా వలస నిర్బంధ కేంద్రాలలో మగ్గారు. 2015 జూలైలో వందమందికి పైగా ఉయ్ఘర్లనూ, 2025 ఫిబ్రవరి 27న మరి 40 మందినీ చైనాకు అప్పగించారు. సభ్యత్వ కార్డు ఉన్నవారికి విమానాశ్రయంలో ప్రత్యేక వరుస చూపే రాజ్యమే, ప్రాణభయంతో వచ్చినవారికి కటకటాల గది చూపింది.

విదేశీయుల మాట అటుంచుదాం. దక్షిణ థాయిలాండ్‌లోని పట్టానీ, యాలా, నరాథివాత్ ప్రాంతాల మలయ్ ముస్లింలు ఆ దేశ పౌరులే. 2004 అక్టోబరు 25న తాక్ బాయ్‌లో నిరసనకారులను అణచివేసినప్పుడు 85 మంది మరణించారు. వారిలో 78 మంది సైనిక ట్రక్కులలో ఒకరిపై ఒకరిగా కుక్కబడి ఊపిరాడక చనిపోయారు. ఇరవై ఏళ్ల తర్వాత కోర్టు కేసును స్వీకరించినా నిందితులు హాజరు కాలేదు. 2024 అక్టోబరు 25తో కాలపరిమితి తీరి కేసు ముగిసిపోయింది.

ఈ సంగతులు చెప్పడం ఆ దేశాన్ని నిందించడానికి కాదు. అక్కడి సామాన్య ప్రజల ఆదరణను కాదనలేం. పౌరులకే న్యాయం దొరకని చోట కార్డుదారుడికి ఉన్నది ఆతిథ్యమే. రుసుములు పెంచడం, నియమాలు సవరించడం, వీసాను రద్దు చేయడం ఆ రాజ్యపు చేతిలోని పనులు. వాటిని మార్చడానికి ఓటు వేసే అధికారం సభ్యుడికి లేదు. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం ఆశ్రితులపై నెలకు తలకు 100 రియాళ్ల రుసుము విధించి, 2020 నాటికి 400 రియాళ్లకు పెంచినప్పుడు ఎన్ని తెలుగు కుటుంబాలు భార్యాపిల్లలను వెనక్కు పంపవలసి వచ్చిందో మనకు గుర్తుంది. ఆ పాఠాన్ని ఖరీదైన రూపంలో మళ్లీ నేర్చుకోనక్కరలేదు.

భయమే పెట్టుబడిగా

2025 జూలైలో లక్ష దిర్హాములకే భారతీయులకు యూఏఈ జీవితకాల గోల్డెన్ వీసా వస్తుందని పత్రికలలో, టీవీలలో వార్తలు వెల్లువెత్తాయి. కొద్ది రోజులకే ఆ దేశపు ఫెడరల్ అధికార సంస్థ దానిని ఖండించింది. దరఖాస్తులు ప్రభుత్వ మార్గాలలోనే స్వీకరిస్తామనీ, ఏ సలహా సంస్థకూ ఆ అధికారం ఇవ్వలేదనీ స్పష్టం చేసింది. ఆ మధ్యకాలంలో ఆశపడిన కుటుంబాలు ఎన్నో!

విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లు 1983 వలస చట్టం కింద నమోదు కావాలి. ఉద్యోగంతో సంబంధం లేని నివాస వీసాలు అమ్మే దళారులు ఆ చట్టపు పరిధిలోకి రారు. ఈ లోటును పూరించాలని కోరవలసిన బాధ్యత మన సంఘాల మీద ఉంది. నివాస పథకాల దళారులకు నమోదు తప్పనిసరి చేయాలనీ, దరఖాస్తు తిరస్కరణకు గురైతే సొమ్ము తిరిగి ఇచ్చే షరతు ఒప్పందంలో ఉండాలనీ మన శాసనసభ్యులను, పార్లమెంటు సభ్యులను అడగాలి. ఈలోగా ఒక సూత్రం పాటిద్దాం: ఆమోదపత్రం చేతికి రాకముందు సభ్యత్వ రుసుము చెల్లించరాదు, చెల్లించినా నిర్వహణ సంస్థ ఖాతాకే చెల్లించాలి.

ఇంటి పత్రాలు ముందు

వెళ్లదలచినవారు వెళ్లే ముందు చేయవలసిన పని ఇక్కడే ఉంది. దీర్ఘకాలం విదేశంలో ఉండేవారి పేరు సాధారణ నివాసి కాదన్న కారణంతో ఓటర్ల జాబితా నుంచి తొలగిపోవచ్చు. అయితే మరో దేశపు పౌరసత్వం తీసుకోని భారతీయులు 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 20ఏ సెక్షన్ ప్రకారం ఫారం 6ఏ ద్వారా విదేశీ ఓటరుగా నమోదు కావచ్చు. ఓటు వేయడానికి మాత్రం పాస్‌పోర్టుతో స్వయంగా రావాలి. విదేశంలో బిడ్డ పుడితే ఏడాదిలోగా భారత దౌత్య కార్యాలయంలో జననాన్ని నమోదు చేయించాలి. ఈ ఒక్క నిర్లక్ష్యం ఆ బిడ్డ పౌరసత్వాన్నే ప్రశ్నార్థకం చేస్తుంది. పేర్ల అక్షరక్రమం, పుట్టిన తేదీ అన్ని పత్రాలలో ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మిగులు ధనం ఉన్నవారు సభ్యత్వం కొనుక్కోవచ్చు. అది వారి ఇష్టం. కానీ నాలుగు గోడలు, నాలుగు నగలు మాత్రమే ఉన్న కుటుంబం వాటిని అమ్మి పదేళ్ల అతిథిగా మారడం వివేకం కాదని మా అభిప్రాయం. ఆ కోటీ ఇరవై లక్షలతో పిల్లలు ఏ దేశానికైనా తమ అర్హత మీద వెళ్లగల చదువు చదవవచ్చు. ఇక్కడ మనకున్న పౌరసత్వం రుసుము చెల్లించి సంపాదించినది కాదు, గడువు తీరేదీ కాదు. దానిని ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు ఈ నేల మీదనే, ఈ న్యాయస్థానాలలోనే, ఈ ఓటుతోనే చెప్పవలసి ఉంటుంది.