వాళ్లు అక్కడే ఉన్నారు

ఒక పాత ఛలోక్తి ఈ వారం మళ్లీ కంటబడింది. 1976 జూన్ 4న మాంచెస్టర్‌లోని లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో సెక్స్ పిస్టల్స్ అనే బ్యాండ్ వాయించినప్పుడు వచ్చినవాళ్లు 40 మందికి అటూ ఇటూ. ఇవాళ ‘ఆ రోజు నేనూ ఉన్నా’ అనేవాళ్లందరినీ పోగేస్తే స్టేడియం నిండుతుందట. రాక్ సంగీతం గురించి రాసేవాళ్లు ఈ ఛలోక్తిని ఏళ్ల తరబడి వాడుతూనే ఉన్నారు. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ కొద్దిమందిలోనే బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ ఉన్నారు. హుక్ మర్నాడే వెళ్లి బేస్ గిటారు కొనుక్కున్నాడు. ఆ కుర్రాళ్లు పెట్టుకున్న బ్యాండే తర్వాత జాయ్ డివిజన్ అయింది. కోతలు కోసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. వాళ్లను అడ్డం పెట్టుకుని నిజంగా విన్నవాళ్ల నోరు నొక్కడం అన్యాయం.

ఈ అన్యాయం అందరికంటే ఎక్కువ జరిగింది బీటిల్స్ తొలి శ్రోతలకు. లివర్‌పూల్ మాథ్యూ స్ట్రీట్‌లో ఒక గోదాము కింద ఉన్న నేలమాళిగ పేరు కావర్న్. 1961 ఫిబ్రవరి 9న, మధ్యాహ్నం భోజనాల వేళ, బీటిల్స్ పేరుతో వాళ్లు అక్కడ మొదటిసారి వాయించారు. అక్కడికి వచ్చి విన్నదెవరు? చుట్టుపక్కల ఆఫీసుల్లో టైపు కొట్టే అమ్మాయిలు, గుమాస్తాలు, దుకాణాల్లో పనిచేసే కుర్రవాళ్లు. అక్కడ మద్యం అమ్మేవారు కాదు. సూపు, బన్ను, టీ, కాఫీ దొరికేవి. పక్కపక్కనే మూడు ఇటుక కమానుల గదులు, గాలి ఆడే దారి లేదు. జనం చెమట ఆవిరై గోడల మీంచి నీళ్లలా దిగేది. ఫినాయిలు, చెమట, కుళ్లిన పళ్లు కలిసిన ఆ వాసన బట్టలకు పట్టుకుంటే వదిలేది కాదు. ఆఫీసుకు తిరిగొచ్చిన పిల్ల మధ్యాహ్నం ఎక్కడ గడిపిందో ఎవరూ అడగనక్కర్లేదు.

ఆ వాసన గురించి ఒకరు కాదు, ఎందరో చెప్పారు. పాటల మధ్యలో బీటిల్స్ వేదిక మీదే తింటూ, సిగరెట్లు కాలుస్తూ, ముందు వరసలో పిల్లలతో హాస్యాలాడుతూ ఉండేవారనీ చెప్పారు. కాగితం ముక్క మీద పాట పేరు రాసిస్తే పాడేవారు. తేమకి ఫ్యూజు పోయి చీకటైతే, కరెంటు వచ్చేదాకా ప్రకటనల పాటలు పాడి నవ్వించేవారు. ఇవన్నీ ముసలివాళ్లు తీపిగా అల్లుకున్న కథలని కొట్టిపారేసేవాళ్లు 1963 ఏప్రిల్ 4 నాటి టేపు వినాలి. స్టో అనే బోర్డింగు స్కూల్లో బీటిల్స్ కచేరీని ఒక విద్యార్థి రికార్డు చేశాడు. అది 2023లో బయటికొచ్చింది. పిల్లలు పాటలు అడగడం, వీళ్లు జవాబివ్వడం, ఛలోక్తులు అన్నీ అందులో వినిపిస్తాయి. శ్రోతలు ఏళ్లుగా చెబుతున్నది యంత్రం ఒప్పుకున్న తర్వాత గానీ మనం నమ్మలేదు.

జ్ఞాపకం తప్పుతుందంటారు. తేదీలు తప్పుతాయి, నిజమే. మరి కావర్న్‌లో బీటిల్స్ ఎన్నిసార్లు వాయించారో అడగండి, 292 అని ఠక్కున చెబుతారు. పుస్తకాల్లో ఉంది, ఫలకాల మీద ఉంది. ఆ అంకె అక్కడ వ్యాఖ్యాతగా ఉన్న బాబ్ వూలర్ చెప్పింది. తర్వాత పరిశోధకులు ఒక్కొక్క తేదీ సరిచూసి, అంతకంటే తక్కువేనన్నారు. అయినా ఆ అంకె ఇంకా చలామణీలోనే ఉంది. వ్యాఖ్యాత జ్ఞాపకం చరిత్ర, టైపిస్టు జ్ఞాపకం కబుర్లు! ఈ తేడా ఎవరు పెట్టారు?

నాకు అన్నిటికంటే కష్టం కలిగించేది ఇంకొకటి. తర్వాత వాళ్ల మేనేజరైన బ్రయన్ ఎప్‌స్టీన్ 1961 నవంబర్ 9న కావర్న్ మెట్లు దిగి బీటిల్స్‌ను ‘కనిపెట్టాడు’ అని రాస్తారు. ఎప్‌స్టీన్ గొప్పవాడే. ఆయన లేకపోతే ఆ నలుగురు లివర్‌పూల్ దాటేవారు కాదేమో. కానీ ఆయన వచ్చేసరికి అక్కడి పిల్లలు సరిగ్గా తొమ్మిది నెలలుగా వింటున్నారు. అంతకుముందే, 1960 డిసెంబర్ 27న లిథర్‌లాండ్ టౌన్ హాల్లో పాట మొదలవగానే జనం డాన్సు ఆపేసి వేదిక దగ్గరికి తోసుకొచ్చారు. హాంబర్గ్ నుంచి నేరుగా వచ్చారన్న ప్రకటన చూసి వీళ్లు జర్మన్లనుకున్నారు కొందరు. ఇంగ్లీషు ఇంత బాగా ఎలా మాట్లాడుతున్నారని అడిగారు కూడా. ఎవరో తెలియదు, పేరు వినలేదు, పాట నచ్చింది, అంతే. అసలైన తీర్పు అది. దాని మీద ఎప్‌స్టీన్ చేసింది సంతకం.

పైగా కావర్న్‌లో విన్న ఆడపిల్లలను చరిత్ర అరుపులుగా మార్చేసింది. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో 55,600 మంది కేకల్లో పాట ఎవరికీ వినపడలేదు. ఆ ఫిల్ము ముక్కనే అభిమానులంటే ఇంతే అన్నట్టు వెయ్యిసార్లు చూపించారు. కావర్న్‌లో జనం అలా అరిచేవారు కాదు, వినేవారు. ఏ పాటకు డ్రమ్ముల దెబ్బ ఎలా పడేదో పట్టించుకున్నారు గనకే, 1962 ఆగస్టులో డ్రమ్మర్ పీట్ బెస్ట్‌ను తీసేసి రింగోను తెస్తే గొడవకు దిగారు. ఆ గొడవలో జార్జ్ హారిసన్ కన్ను వాచింది. ఫ్రెడా కెల్లీ అలాంటి పిల్లే. మధ్యాహ్నాలు కావర్న్‌కు వెళ్లి వింటూ, 17 ఏళ్లకే ఎప్‌స్టీన్ ఆఫీసులో చేరి, అభిమాన సంఘం ఉత్తరాలన్నీ చూసింది. ఆమె కథ డాక్యుమెంటరీగా 2013 దాకా రాలేదు.

1957 జూలై 6న, బీటిల్స్‌లోని జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ మొదటిసారి కలుసుకున్న రోజు సాయంత్రం, లివర్‌పూల్‌లోని ఊల్టన్ చర్చి హాల్లో జాన్ పాడిన పాటల టేపును 1994లో వేలంలో 78,500 పౌండ్లకు కొన్నారు. టేపుకు అంత విలువుంది, సరే. మరి ఆ రోజుల్లో విన్న మనుషుల మాట? 1961లో 16 ఏళ్ల పిల్లకు ఇప్పుడు 80 దాటుతున్నాయి. టేపు రికార్డరు పట్టుకుని ఆ ఇళ్లకు వెళ్లాల్సింది ఇప్పుడే. ఎక్కడ నిలబడ్డారు, ఎవరితో వచ్చారు, టికెట్టుకు డబ్బు ఎలా కూడబెట్టారు, ఇంట్లో ఏం చెప్పారు, ఇవీ అడగాల్సినవి.

ఆ చోటునైనా కాపాడుకున్నారా అంటే అదీ లేదు. భూగర్భ రైలుకు గాలి గొట్టం వేస్తామని 1973లో కావర్న్ మూయించి, పైనున్న గోదామును కూల్చేశారు. ఆ గొట్టం అక్కడ వేయనే లేదు. చాలాకాలం కార్లు నిలిపారు. 1984లో పాత ఇటుకలు కొన్ని వాడి మళ్లీ కట్టారు. బ్రిటన్‌లో చిన్న కచేరీ హాళ్లు ఇప్పటికీ ఏటా మూతపడుతూనే ఉన్నాయి. 1961 డిసెంబర్ 9న ఆల్డర్‌షాట్‌లో బీటిల్స్ 18 మంది ముందు వాయించారు. అలాంటి రాత్రులు లేకుండా షే స్టేడియం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది అక్కడి బాధ మాత్రమే కాదు. హైదరాబాద్‌కు పెద్ద విదేశీ గాయకులు వస్తే వేలు పోసి టికెట్లు కొంటున్నాం. మన కాలేజీ పిల్లలు నలుగురు గిటార్లు, డ్రమ్ములు పట్టుకుని సొంత తెలుగు పాట కట్టుకుంటే, దాన్ని 30 మంది ముందు వాయించి చూసుకునే చోటేది? కాఫీ షాపులో పాడదామంటే సినిమా పాటలే కావాలంటారు. సభామందిరాలు శాలువాలకు, పుస్తకావిష్కరణలకు, జన్మదిన సభలకు ముందే రాసిచ్చేసి ఉంటాయి. అద్దె, మైకు, డిపాజిట్టు కలిపితే ఆ పిల్లల నెల ఖర్చు దాటుతుంది. ప్రజల డబ్బుతో కట్టిన హాళ్లలో సాయంత్రాలకే గిరాకీ. వారానికి రెండు మధ్యాహ్నాలు, పన్నెండు నుంచి రెండు వరకు, కొత్త బ్యాండ్లకు అద్దె లేకుండా ఇవ్వమని అడుగుతున్నాను. టికెట్టు టీ ధర పెట్టండి. దగ్గరి ఆఫీసుల వాళ్లు టిఫిన్ డబ్బాలతో వచ్చి తింటూ వింటారు.