పెరట్లో పనికో గది

జగిత్యాలలో గానీ, కోరుట్లలో గానీ ఏ గల్లీలోకి వెళ్లినా ఒక సంగతి ఇట్టే తెలిసిపోతుంది. ఏ ఇంటి మనిషి గల్ఫ్‌లో ఉన్నాడో ఆ ఇల్లే చెబుతుంది. ముందు గోడకు గ్రానైటు, మేడ మీద స్టీలు రెయిలింగు, రంగురంగుల గేటు! అదే ఇంట్లో నాలుగడుగులు లోపలికి నడిస్తే కథ మారిపోతుంది. వంటింటి గడప పక్కన, పెరటి తలుపులోంచి వెలుతురు పడేచోట, ఒళ్లో చేట పెట్టుకుని ఇల్లాలు బీడీలు చుడుతూ ఉంటుంది. చేటలో ఆకు, తంబాకు. పక్కనే చాప మీద నిద్రపోతున్న పసిపాప. ఆ పక్కనే పొయ్యి మీద అన్నం.

సిరిసిల్లలోనూ అంతే. సాంచాల చప్పుడుకు ఊరు ఎప్పుడో అలవాటు పడిపోయింది. చాలా ఇళ్లలో కండెలు చుట్టే రాట్నమో, కుట్టుమిషనో పడుకునే గదిలోనే ఒక మూలకు ఉంటుంది. పగలు అది పనిచోటు, రాత్రి పడకగది. దూది నూగు మాత్రం రెండు పూటలా ఉంటుంది.

ఇంట్లో దేవుడికి గది ఉంది. టీవీకి జాగా ఉంది. చుట్టాలొస్తే కూర్చోడానికి సోఫా ఉంది. నెలనెలా ఇంటి ఖర్చులకు ఆదుకునే పనికి మాత్రం జాగా లేదు. ఈ వారం ముచ్చట దాని గురించే. పెరట్లో పది అడుగులు, పన్నెండు అడుగుల చోటుంటే చాలు... ఆ పనికి ఓ గది కట్టుకోవచ్చు.

విదేశాల్లో దీన్నే 'గార్డెన్‌ రూమ్‌' అంటున్నారు. తోటలో చెక్కతో చిన్న గది కట్టుకుని అందులో పుస్తకం చదువుకోవడమో, కంప్యూటరు పెట్టుకుని ఆఫీసు పని చేసుకోవడమో వాళ్ల అలవాటు. 2020లో కరోనా వచ్చి అందరూ ఇంట్లో కూర్చున్నాక ఈ మోజు ఇంకా పెరిగింది. మన దగ్గర ఇంటి నుంచి పని కరోనాతో మొదలైంది కాదు. మన అమ్మలు, అమ్మమ్మలు ఎప్పటినుంచో చేస్తున్నదే.

ఎందుకంత అవసరం?

1966లో బీడీ కార్మికుల కోసం కేంద్రం ఓ చట్టం చేసింది. కార్ఖానాలో గాలి ఆడాలి, శుభ్రంగా ఉంచాలి, ఒక్కో మనిషికి కనీసం నాలుగుంపావు ఘనపు మీటర్ల చోటు ఉండాలి అని అందులో రాశారు. బాగానే ఉంది. కానీ పని కార్ఖానాలోంచి ఇంటికి వచ్చేసింది. ఇంట్లో గాలి ఆడుతోందా, చోటు సరిపోతోందా అని అడిగేవాళ్లు లేరు. అడగాల్సింది ఇంటివాళ్లే!

తంబాకు పొడి కంటికి కనబడకుండా లేస్తుంది. పీల్చినవాళ్లకు దగ్గు, ఆయాసం. అందులోని నికోటిన్‌ చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. చుట్టే మనిషి సంగతి అలా ఉంచితే, అదే గదిలో పాకే పిల్లలు, గర్భిణిగా ఉన్న కోడలు, ఉబ్బసం ఉన్న ముసలాయన... వీళ్లంతా బీడీ చుట్టకుండానే ఆ బాధ పడాలి. పనిని పడకగదిలోంచి, వంటింట్లోంచి బయటికి తేవడమే ఈ గదితో మొదటి లాభం. మిగతావన్నీ తర్వాతే.

ముగ్గు పోసే ముందు

ముందు పెరడంతా ఒకసారి తిరిగి చూడండి. సెప్టిక్‌ ట్యాంకు ఎక్కడుంది? దాని మూత మీదికి గది రాకూడదు. ట్యాంకు నిండిన రోజు గచ్చు పగలగొట్టుకోవాల్సి వస్తుంది. బోరు మోటారు తీయడానికి చోటు మిగలాలి. వేప, చింత లాంటి పెద్ద చెట్లుంటే వాటి మొదలుకు దూరంగా జరగండి. వేళ్లు పునాదిని కదిలిస్తాయి. చెట్టు కొట్టేసి గది కట్టడం మాత్రం వద్దు. ఆ నీడ విలువ మే నెలలో తెలుస్తుంది.

రెండోది అనుమతి. 2020లో వచ్చిన టీఎస్‌ బీపాస్‌ చట్టం 75 గజాల లోపు స్థలాల్లో కట్టే చిన్న ఇళ్లకు అనుమతి బదులు నమోదు చాలంది. అలాగని పెరట్లో ఎక్కడంటే అక్కడ గోడ లేపడం కుదరదు. ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా ఒకటుంటుంది. అందులోకి గది వస్తే పక్కింటివాళ్ల ఫిర్యాదు ఒక్కటి చాలు, పని ఆగిపోవడానికి. పలుగు పట్టకముందే పాత ప్లాను తీసుకుని మున్సిపాలిటీకి వెళ్లి అడిగి రండి.

మూడోది ముఖ్యమైంది. గది అనుకున్నచోట నాలుగు కర్రలు పాతి, ముగ్గు పోయండి. అందులో చాప వేసి, చేటతోనో మిషనుతోనో రెండు రోజులు కూర్చుని చూడండి. పొద్దున ఎండ ఎటు నుంచి వస్తోంది, మూడు గంటలకు ఎక్కడ పడుతోంది, గాలి ఎటు వీస్తోంది, వంటింట్లో కుక్కర్‌ కూత వినబడుతోందా, వాకిట్లోకి ఎవరైనా వస్తే కనబడుతోందా? ఇల్లు చూసుకుంటూ పని చేసుకునే ఆడవాళ్లకు ఈ చివరి రెండూ చాలా ముఖ్యం. ఈ రెండు రోజుల పరీక్షకు పైసా ఖర్చు లేదు.

ఎండను అడిగి కట్టాలి

మన ప్రాంతంలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు. అందుకని గది పొడుగు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు పొట్టి గోడలే పొద్దుటి ఎండకు, సాయంత్రపు ఎండకు ఎదురుగా ఉంటాయి. కిటికీలు ఉత్తరానికి ఒకటి, దక్షిణానికి ఒకటి... ఎదురెదురుగా పెట్టించండి. ఒకే కిటికీ ఉన్న గదిలోకి గాలి వచ్చినా, పోయే దారి ఉండదు.

ఉత్తరం వైపు ఎండ రాదు కదా, సజ్జ ఎందుకంటారు కొందరు మేస్త్రీలు. వస్తుంది! జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలకు మే మూడో వారం ప్రాంతంలో ఒకసారి, జులై చివర్లో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికొస్తాడు. ఈ మధ్య రోజుల్లో మధ్యాహ్నం పూట కొంచెం ఉత్తరానికే వాలి ఉంటాడు. కాబట్టి రెండు వైపులా రెండడుగుల సజ్జ ఉండాల్సిందే.

పడమటి గోడకు కిటికీ వద్దు. దానికి రెండడుగుల దూరంలో పందిరి వేసి బీర, సొర, చిక్కుడు పాకించండి. గోడకు నీడ, ఇంటికి కూర! ఏడాది పొడుగునా ఉండాలంటే రాధామనోహరం తీగ నాటండి.

వాస్తు పట్టింపు ఉన్నవాళ్లు ఈశాన్యంలో కట్టడానికి ఇష్టపడరు, నైరుతి అంటారు. పర్వాలేదు. నైరుతిలో కడితే సాయంత్రపు ఎండంతా ఆ గది మీదే పడుతుంది కాబట్టి ఈ పందిరి తప్పనిసరి అనుకోండి.

పునాది ఎత్తు దగ్గర పిసినారితనం వద్దు. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధుల్లో నీళ్లు ఎలా నిలిచాయో మరిచిపోలేం. మొరం పోసి, గట్టిగా దిమ్మిస కొట్టించి, పెరటి మట్టానికి అడుగున్నర ఎత్తులో గచ్చు వచ్చేలా చూడండి. తడిస్తే ఆకు, తంబాకు, బట్ట... ఏదీ పనికిరాదు.

కప్పు దగ్గరే అసలు కథ

పెరట్లో గది అనగానే అందరికీ గుర్తొచ్చేది రేకులు. చవక, రెండు రోజుల్లో పని అయిపోతుంది. కానీ మధ్యాహ్నం రెండు గంటలకు ఆ రేకుల కింద కూర్చోవడం పెనం కింద కూర్చోవడమే. పైగా సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్‌ ఉంటుంది. అన్ని రకాల ఆస్బెస్టాస్‌ క్యాన్సర్‌ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇప్పటికే అలాంటి రేకులుంటే వాటిని కోయడం, రంధ్రాలు వేయడం, గీకడం చేయకండి. ఆ పొడే ప్రమాదం.

మరి పెంకులు? చల్లగా ఉంటాయి, కాదనలేం. కానీ మన ఊళ్లలో పెంకుటిళ్లను పడగొట్టించింది వానలు కాదు, కోతులు! ఒక గుంపు వచ్చిపోతే పదో పాతికో పెంకులు పగలాల్సిందే. ఏటా పెంకులు సర్దే మనుషులు కూడా ఇప్పుడు దొరకడం కష్టమే.

ఈ రెంటికీ మధ్య ఓ దారి ఉంది. కేరళలో స్థిరపడి తక్కువ ఖర్చు ఇళ్లకు పేరుపడ్డ ఆర్కిటెక్టు లారీ బేకర్‌ (1917-2007) వాడిన పద్ధతి... ఫిల్లర్‌ స్లాబ్‌. స్లాబ్‌ అడుగు భాగంలో కాంక్రీటు మోసే బరువు తక్కువ. ఆ చోట కడ్డీల మధ్య గళ్లలో పాత బెంగుళూరు పెంకులు పేర్చి పైన కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు తగ్గుతుంది, వేడి దిగడం కూడా తగ్గుతుంది. పడగొట్టిన పాత ఇళ్ల పెంకులు ఏ గల్లీలో చూసినా కుప్పలుగా కనబడతాయి. వాటికి ఇంతకంటే మంచి గతి ఏముంటుంది? అయితే కడ్డీ లావు, ఎడం ఎంతో ఇంజినీరుతో లెక్క వేయించండి. మేస్త్రీ చూపు లెక్క ఇక్కడ పనికిరాదు.

మామూలు స్లాబ్‌ అయినా, రేకులైనా పైన తెల్లటి సున్నమో, చలవ పెయింటో ఏటా మార్చిలో వేయించండి. తెలుపు ఎండను వెనక్కి పంపేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేకంగా 'కూల్‌ రూఫ్‌' విధానమే తెచ్చింది. రేకుల గదే గతి అనుకునేవాళ్లు రేకుకు అడుగు కింద తడకలతో అటక లాంటి కప్పు వేయించండి. మధ్యలో వేడి గాలి పోవడానికి రెండు వైపులా జాలీలు వదలండి. తేడా మొదటి రోజే తెలుస్తుంది.

పనిని బట్టి అమరిక

పదడుగుల ఎత్తుతో పది, పన్నెండు గది అంటే దాదాపు 34 ఘనపు మీటర్లు. 1966 నాటి లెక్కన ఎనిమిది మంది కూర్చోవచ్చు. అది చట్టం చెప్పిన కనీసం మాత్రమే. నలుగురికి మించితే మోకాళ్లు తగులుతాయి. నలుగురి గదే అనుకుని సర్దండి.

బీడీలు చుట్టేవాళ్లకు ఒక చిక్కుంది. ఎంత ఉక్కపోసినా ఫ్యాను వేసుకోలేరు. వేస్తే చేటలో తంబాకు లేచిపోతుంది, ఆకు ఎండిపోతుంది. కాబట్టి ఈ గదిని చల్లబరచాల్సింది కప్పు, గోడ, కిటికీలే. గోడపైన, కప్పుకు దగ్గరగా ఓ ఎగ్జాస్ట్‌ ఫ్యాను పెట్టించండి. అది చేట మీదికి గాలి కొట్టకుండా పొడిని, వేడిని బయటికి లాగేస్తుంది. దాని ముఖం పక్కింటి కిటికీ వైపు లేకుండా చూడాలి.

కిటికీ గడప నేల నుంచి మూడడుగుల ఎత్తులో పెట్టడం మామూలు. కింద కూర్చుని పనిచేసే మనిషికి ఆ కిటికీ ఉన్నా లేనట్టే. గాలి నెత్తి మీదుగా పోతుంది. అడుగున్నర ఎత్తులోనే కిటికీ మొదలుపెట్టించండి. ఉత్తరపు గోడ పొడుగునా అడుగుంపావు ఎత్తు, రెండడుగుల వెడల్పుతో అరుగు కట్టించండి. పొద్దంతా బాసిపట్టు వేసుకుని కూర్చోలేనివాళ్లు కాళ్లు కిందికి పెట్టి, గోడకు ఆనుకుని చుట్టుకోవచ్చు. నడుములు నిలబడతాయి.

ఆకు నానబెట్టడానికి ఓ మూల చిన్న తొట్టి, నీళ్లు బయటికి పోయేలా గచ్చుకు వాలు. తంబాకుకు గట్టి మూత ఉన్న రేకు డబ్బా. కట్టిన కట్టలకు తడి తగలని అల్మర. గుమ్మం బయట నల్లా, సబ్బు. లోపలికి వెళ్లేటప్పుడు కట్టుకునే పాత చీర కొంగో, ఏప్రనో బయటి కొక్కేనికే ఉండాలి. చేతులు కడుక్కుని, అది విప్పి ఇంట్లోకి రావడం అలవాటైతేనే ఈ గదికి అర్థం. లేకపోతే పొడి మళ్లీ పడకగదికే వస్తుంది.

కుట్టుపని చేసేవాళ్లకు లెక్క వేరు. మిషను మీద కూర్చుంటారు కాబట్టి కిటికీ మూడడుగుల ఎత్తులోనే ఉండాలి. వెలుతురు ఎడమ చేతి వైపు నుంచి పడేలా మిషను వేయండి. బట్ట కత్తిరించే బల్ల నడుమెత్తు ఉంటే వంగే పని తప్పుతుంది. కండెలు చుట్టేవాళ్లకు నూగు ప్రధాన సమస్య. గోడలు నున్నగా ఉండాలి, మూలలు గుండ్రంగా తీయించాలి. నేలకు షాబాద్‌ బండలో, నున్నటి గచ్చో అయితే తడిగుడ్డతో తుడవడం తేలిక. చీపురుతో ఊడిస్తే నూగు మళ్లీ లేస్తుంది.

కరెంటు కోసం ఇంట్లోంచి వైరు లాగి దండెం మీదుగా తెచ్చుకోవడం వద్దు. విడిగా లైను, దానికో ఎంసీబీ, సరైన ఎర్తింగ్‌ తప్పనిసరి. పెరట్లో ఎప్పుడూ తడే ఉంటుందని మరిచిపోకండి.

చేతిలో డబ్బు తక్కువైతే

అంతా ఒకేసారి కట్టాలని లేదు. మొదటి ఏడాది పునాది, గచ్చు, నాలుగు స్తంభాలు, పైన కప్పు. చుట్టూ తడకలు. అదే సాయబాను. పని ఇంట్లోంచి బయటికొచ్చేస్తుంది. రెండో ఏడాది పడమటి గోడ, దక్షిణపు గోడ. ఆ తర్వాత తలుపులు, అల్మర. ఇటుక సమంగా దొరికితే లారీ బేకర్‌ వాడిన 'ర్యాట్‌ ట్రాప్‌' కట్టు అడగండి. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి కడతారు. దాదాపు పాతిక శాతం ఇటుక మిగులుతుంది, గోడలోని ఖాళీ వల్ల వేడి కూడా తక్కువ. మన వైపు మేస్త్రీలందరికీ ఇది అలవాటు లేదు. ఒక వరస కట్టించి చూశాకే పని అప్పగించండి.

దుబాయ్‌ నుంచో, మస్కట్‌ నుంచో డబ్బు పంపే అన్నలకు ఒక్క మాట. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు ఇంటి ముందు గోడకు రంగు మార్చాలని ఉంటుంది. ఉండడం సహజం. కానీ ఒక్క పూట పెరటి తలుపు దగ్గర కూర్చుని చూడండి. మీరక్కడ ఎండలో కష్టపడుతున్నప్పుడు ఇంటిదగ్గర అమ్మ, ఇల్లాలు ఎక్కడ కూర్చుని కష్టపడుతున్నారో కనబడుతుంది. రంగు మరో రెండేళ్లు ఆగుతుంది. గది ఎక్కడ కట్టాలో మాత్రం మీరు ముగ్గు పోయకండి. ఆ గదిలో కూర్చోబోయేవాళ్ల చేతికే ముగ్గు చిప్ప ఇవ్వండి.