పొయ్యి సంగతి కూడా అడగాలి



ఆయాసంతో, ఎడతెగని దగ్గుతో మన ఆస్పత్రికి వచ్చే తల్లులను నేను తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. “వంట దేని మీద చేస్తావమ్మా?” వెంటనే జవాబు వస్తుంది. “గ్యాసున్నది సిస్టరమ్మా.” చాలా ఏళ్లు ఆ మాట విని ఊరుకున్నాను. అది నా పొరపాటే. తర్వాత రెండో ప్రశ్న అడగడం నేర్చుకున్నాను. “అన్నం దేని మీద వండుతావు? స్నానాల నీళ్లు దేని మీద కాస్తావు?” అప్పుడు కొంచెం మొహమాటపడి, “అవి కట్టెల పొయ్యి మీదనే. గ్యాసు చాయ్‌కు, కూరకు, చుట్టాలొస్తే...” అంటారు.

అంటే సిలిండర్ వచ్చింది గాని పొగ పోలేదు. జీవితంలో బీడీ ముట్టని ఆడవాళ్లకు పొగతాగేవారికి వచ్చే ఊపిరితిత్తుల జబ్బే వస్తున్నదంటే ముఖ్య కారణాల్లో ఈ పొగ ఒకటి. తల్లి చంకలో ఉన్న పసిబిడ్డకు న్యుమోనియా ముప్పు పెరిగేదీ దీనివల్లనే. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది.

పథకాలు లేక కాదు. 1983లో పొగలేని పొయ్యిల కార్యక్రమం మొదలైంది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో తెల్ల రేషన్ కార్డు ఉన్నవారికి 500 రూపాయల సిలిండర్ మొదలైంది. అయితే ముందు పూర్తి ధర కట్టాలి, రాయితీ తర్వాత బ్యాంకులో పడుతుంది. పైగా అంతకు ముందు మూడేళ్లలో సగటున ఎన్ని సిలిండర్లు వాడారో అన్నింటికే రాయితీ. పొగలో కూర్చుని గ్యాసు మిగిల్చిన తల్లికి ఆ లెక్కలో తక్కువ సిలిండర్లు వచ్చాయి! బొల్లారం, గడ్డపోతారం, కాజిపల్లి ఫ్యాక్టరీల్లో పనికి వచ్చిన పరరాష్ట్రాల వారికైతే ఇక్కడి కార్డే ఉండదు.

కనుక కట్టెలు ముట్టించిన తల్లిని కోప్పడి లాభం లేదని నా అభిప్రాయం. ఉన్న సిలిండర్‌తోనే అన్నం కూడా వండుకోగలిగేలా చేయాలి. గ్యాసు పొదుపును డబ్బు విషయంగా చూస్తాము గాని నా దృష్టిలో అది వైద్యమే.

ముందు మూత. మూత లేకుండా ఉడికించే గిన్నె గ్యాసును గాలిలో పోస్తుంది. రెండవది, నీళ్లు ఒకసారి మరిగాక మంట ఎంత పెంచినా వాటి వేడి 100 డిగ్రీలు దాటదు, ఆవిరి మాత్రం ఎక్కువ పోతుంది. మరిగిన వెంటనే సిమ్‌లో పెట్టాలి. కుక్కర్‌లో ఆవిరి బయటికి పోదు కనుక వేడి సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది, పప్పు తొందరగా ఉడుకుతుంది. అందులోనూ విజిల్ వచ్చాక మంట తగ్గించాల్సిందే. కందిపప్పు గంట ముందు, శనగలు రాత్రే నానబెట్టాలి. మంట గిన్నె అడుగు దాటి పక్కలకు ఎగసిందంటే అది వంటగదికి వేడి, మీకు ఖర్చు. మంట పసుపుగా ఉండి గిన్నెలు మసిబారితే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయాయని అనుమానించండి. చల్లారాక తీసి కడిగి, ఆరబెట్టి పెట్టండి.

అన్నం సంగతి వేరే చెప్పాలి. గంజి వార్చితే బి విటమిన్లు కొంత గంజితోనే పోతాయి, ఎక్కువ నీళ్లు కాగడానికి గ్యాసూ ఎక్కువ పడుతుంది. నేను బియ్యం అరగంట నానబెట్టి, సరిపడా నీళ్లతో అయిదారు నిమిషాలు బాగా ఉడకనిచ్చి, మూత తీయకుండా గిన్నెను దించి పాత దుప్పట్లు దట్టంగా పరిచిన అట్టపెట్టెలో పెడతాను. ముప్పావు గంటకు అన్నం పొడిపొడిగా దిగుతుంది. పూర్వం గడ్డి పెట్టెలో ఇలాగే వండేవారు. మా ఇంట్లో మొదట నవ్వారు, ఇప్పుడు వాళ్లే పెట్టె సర్దుతున్నారు. ఒక జాగ్రత్త: అది వేడి వేడిగా ఉండగానే తినేయాలి. గోరువెచ్చగా గంటల తరబడి ఉంచిన అన్నంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి.

పొయ్యి పెట్టే చోటు. స్టౌ గట్టు మీద, సిలిండర్ కింద నేల మీద నిటారుగా ఉండాలి. గ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. కాబట్టి సిలిండర్‌ను గుంటలో, మూసిన అరలో ఉంచకండి. ట్యూబు అయిదేళ్లకు మించి వాడవద్దు. వాసన వస్తే స్విచ్ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టి, తలుపులు తెరిచి, బయటికి వెళ్లి 1906కు ఫోన్ చేయండి. వంట, పడక ఒకే గదిలో ఉన్న కిరాయిదారులు రోడ్డు పక్కన అక్రమంగా నింపే చిన్న సిలిండర్లు కొనకండి. గ్యాస్ ఏజెన్సీల్లో 5 కిలోల సిలిండర్ గుర్తింపు కార్డు చూపితే ఇస్తారు, ఇంటి చిరునామా రుజువు అడగరు.

కట్టెలు తప్పదంటే పొయ్యి బయట పెట్టండి, ఎండిన కట్టెలే వాడండి. మన ప్రాంతంలో ఫ్యాక్టరీల ప్యాకింగ్ చెక్కలు, మందు వాసన వచ్చే సంచులు తెచ్చి కాల్చడం చూస్తున్నాను. రంగు వేసిన, రసాయనం తగిలిన చెక్క, ప్లాస్టిక్ కవర్లు దయచేసి పొయ్యిలో వేయవద్దు. ఆ పొగ కట్టె పొగ కంటే చెడ్డది.

సోదరులకు ఒక మాట. సెల్‌ఫోన్‌కు పెట్టే ఖర్చులో కొంత కుక్కర్‌కు, కొత్త ట్యూబుకు పెట్టండి. తిబెరియ సముద్రతీరాన శిష్యుల కోసం నిప్పులు రాజేసి చేపలు సిద్ధం చేసినవాడు మన ప్రభువే కదా!

ఇక స్నానాల నీళ్లు. బయట మసిబారిన పాత బిందెను నింపి, మూతపెట్టి, పొద్దున్నుంచి డాబా మీద ఎండలో ఉంచండి. చలికాలంలో పెద్దగా కాగవు గాని, ఎండాకాలం సాయంత్రానికి పిల్లల స్నానాలకు సరిపోయేంత వేడెక్కుతాయి. ఆ పూటకు పొయ్యి ముట్టించే పని లేదు.