తీగ తీగకూ లెక్క

కారును చూచినప్పుడు మనము దాని రంగును, రూపమును గమనిస్తాము. బ్యాటరీ నుండి దీపాలకు, హారనుకు, స్టార్టరుకు సాగే విద్యుత్తీగల కట్టను మాత్రము దారిలో బండి ఆగిపోయిన నాడు తప్ప తలచుకోము. ఈ కట్టకే వైరింగ్ హార్నెస్ అని పేరు.

గత వేసవిలో ఒక మిత్రుని పాత అంబాసిడరు కారుకు ఈ కట్టను కొత్తగా కట్టుచుండగా దగ్గరుండి చూచాను. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినది. మిత్రుని కారు చాలా చేతులు మారినది. ఒక యజమాని టేపురికార్డరు, మరొకరు రెండవ హారను, ఇంకొకరు అదనపు దీపాలు పెట్టించారు. తరువాత ఆ వస్తువులు పోయినవి గాని వాటి తీగలు మిగిలినవి. బ్రిటిష్ కార్ల ఆనవాయితీలో గోధుమరంగు తీగ బ్యాటరీ నుండి నేరుగా వచ్చేది, తెలుపు తాళము తిప్పితే పనిచేసేది, ఆకుపచ్చ ఫ్యూజు దాటి వచ్చేది, నలుపు ఎర్తు. ఇక్కడ ఆ వర్ణక్రమము ఎన్నడో చెదిరినది. అతుకు మీద టేపు, టేపు మీద మరో అతుకు! ఇన్సులేషను ఒరిసిపోయిన ఒక్క తీగ చాలు, బండి తగులబడుటకు.

మిస్త్రీ వెంటనే కత్తెర పట్టలేదు. మొదట ప్రతి తీగకు చీటీ కట్టి, దాని మొదలు, తుది కాగితముపై వ్రాసుకొన్నాడు. పిమ్మట చెక్కపై మేకులు కొట్టి, వాటి వెంట కొత్త తీగలు పరచి, కొలిచి కత్తిరించాడు. 60 వాట్ల హెడ్‌లైట్లు రెండింటికి 12 వోల్టుల వద్ద 10 ఆంపియర్లు కావలెను. మునుపు ఆ కరెంటంతా లోపలి స్విచ్చి దాకా వచ్చి, మరల ముందుకు పోయేది. అతడు దీపాల చెంత రిలే అమర్చాడు. ఇప్పుడు స్విచ్చికి ఆంపియరులో కొద్ది భాగము చాలును. లావు తీగ పొట్టిదైనది, బరువు తగ్గినది, దీపకాంతి హెచ్చినది.

పెద్ద కంపెనీలు వెదకినదీ ఇదే మార్గము. 1986లో బాష్ సంస్థ ప్రకటించిన క్యాన్ పద్ధతిలో రెండే తీగలపై అనేక పరికరాల సందేశాలు వంతులవారీగా సాగుతాయి. 2023లో వచ్చిన టెస్లా సైబర్‌ట్రక్‌లో 48 వోల్టుల ఏర్పాటు ఉన్నది. వోల్టేజీ నాలుగింతలైతే అదే పనికి నాలుగవ వంతు కరెంటు చాలును, రాగి సన్నబడుతుంది.

పని ముగిసిన పిదప మిస్త్రీ నన్నడిగాడు: "సార్, ఓమ్ సూత్రమంటే ఏమిటి? మా అబ్బాయి కాలేజీలో చదువుతున్నాడు. అడిగితే, నీకెందుకులే నాన్నా అన్నాడు."

నేను తలవంచుకొన్నాను. ఆ సూత్రమును కుమారుడు పరీక్షలో వ్రాయగలడు. తండ్రి దానిని ప్రతిదినము చేతితో ఆచరిస్తున్నాడు. వారిద్దరి నడుమ గోడ కట్టినది మన చదువే.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపము ఒకటే. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక పాత కారు వైరింగును చెక్కపై పరచి ఉంచండి. ఏడాదికి నాలుగు దినాలు ఒక మిస్త్రీని పిలిచి, తగిన గౌరవ వేతనమిచ్చి, దానిని విప్పించి మరల కట్టించండి. అధ్యాపకుడు లెక్క చెప్పును, మిస్త్రీ పని చూపును. ఖర్చు స్వల్పమే.

విద్యార్థి మిత్రులారా! మీలో ఎవరి తండ్రియైనా షెడ్డులో పనిచేయుచున్నచో, ఈ సాయంత్రము ఆయన ప్రక్కన కూర్చుండి, ఏ తీగ ఎక్కడికి పోవునో అడగండి. ఆయన మిమ్ములనేదైనా అడిగితే చెప్పండి.