పురుగుల ఇంట్లో కుంపటి వద్దు, గొట్టం ఉన్న పొయ్యి పెట్టుకుందాం



చలి మొదలైంది. డెంకణీకోట పక్క మా ఊర్లో డిసెంబరు, జనవరిలో తెల్లారుజామున 15 డిగ్రీల కిందికి దిగే రోజులుంటాయి. చాకీ పురుగుకేమో 27, 28 డిగ్రీలు కావాల. నాలుగో జ్వరం లేచిన పెద్ద పురుగుకైనా 24, 25 ఉండాల. చలి తగిలితే పురుగు సరిగ్గా మేయదు. 7, 8 రోజుల్లో పండాల్సింది 10 రోజులైనా పండదు. ఆకు, కూలి రెండూ పెరుగుతాయి. అందుకే అందరం షెడ్డులో ఏదో ఒక మంట పెడతాం. అది ఏ మంట అన్నదే మా మాట.

రెండేండ్ల కిందట మేమూ బొగ్గుల కుంపటే పెట్టినాం. కిటికీలకు ప్లాస్టిక్ పట్టలు కట్టి, తలుపు మూసి, మా చిన్నాయన అక్కడే పడుకున్నాడు. తెల్లారి ఆకు వేయడానికి పోతే ఎంత లేపినా లేవలేదు. బయటికి మోసుకొచ్చి ఆస్పత్రికి తీసుకుపోతే బతికినాడు. పొగ లేదు కదా, గాలి బాగానే ఉందనుకున్నాం. నిప్పులు ఎర్రబడినాక పొగ కనబడదు, కాని కార్బన్ మోనాక్సైడ్ వస్తానే ఉంటాది. దానికి వాసన లేదు, రంగు లేదు. పురుగుకూ అది మంచిది కాదు, అది కూడా ఒంటి పక్కనుండే రంధ్రాలతో గాలి పీల్చేదే.

"తాతల కాలం నుంచి కుంపటే కదా" అంటారు కొందరు. నిజమే. కాని తాతలవి నాటు పెంకుల ఇండ్లు, సందుల్లో గాలి పోతా వస్తా ఉండేది. మనవి సిమెంటు గోడలు, ప్లాస్టిక్ పట్టలు. ఇల్లు మారింది, కుంపటి మాత్రం మారలేదు.

నిరుడు మేము పెల్లెట్ పొయ్యి పెట్టినాం. రంపపు పొట్టు, శెనక్కాయ పొట్టు గట్టిగా ఒత్తి చేసిన చిన్న గుళికలే పెల్లెట్లు. హోటళ్లకు, బాయిలర్లకు అమ్మేవే. మంట పెట్టెలో ఉంటాది, పొగ గొట్టంలో నుంచి కప్పు పైకి పోతాది, వేడి మాత్రం లోపల నిలుస్తాది. మంచి పొయ్యిలో కిలో పెల్లెట్లు కరెంటు హీటరు మూడు యూనిట్లకు ఇచ్చేంత వేడి ఇస్తాయి.

చిక్కులు లేవని చెప్పము. కుంపటి కన్నా ఖర్చు ఎక్కువ. ఫ్యాను ఉన్న పొయ్యి కరెంటు పోతే నిలిచిపోతాది, అందుకే మేము ఫ్యాను లేనిదే తీసుకున్నాం. పెల్లెట్లు తడిస్తే పిండి అయిపోతాయి, మూట నేల మీద పెట్టకండి. బూడిద షెడ్డు బయటే దులపండి. గొట్టం రేకును తాకకూడదు, చుట్టూ ఇనుప పళ్లెం వేయించండి. గడ్డి కప్పుకు ఇది వద్దే వద్దు.

పొయ్యి కొనే ముందు ఒక పని. గోడకు, రేకుకు మధ్య సందులు పూడ్చండి, లేకపోతే ఎంత కాల్చినా వేడి నిలవదు. కాని పై వెంటిలేటర్లు పూర్తిగా మూయకండి. ఆకు వేసే ముందు కాసేపు తెరిచి గాలి మార్చండి. వేడికి ఆకు వాడిపోతే తడి గోనెపట్టలు వేలాడదీయండి, జ్వరంలో ఉన్నప్పుడు మాత్రం తీసేయండి.

ఒక్కరికి భారమైతే చాకీకి ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పొయ్యి పెట్టుకోవచ్చు. అదీ కాకపోతే కరెంటు హీటరు పెట్టుకోండి. ఏదీ కుదరక కుంపటే పెడితే, వెంటిలేటర్లు తెరిచే ఉంచండి, ఆ ఇంట్లో మనిషి మాత్రం పడుకోవద్దు. పంట పోతే ఇంకో పంట వేసుకుంటాం. చిన్నాయన పోయుంటే ఎక్కడినుంచి తెచ్చుకునేవాళ్లం?

మీ షెడ్డులో ఏం పెట్టినారో, ఎట్లుందో గ్రూపులో చెప్పండి.